డాల్ఫిన్ మీద కుళ్లుకున్న నాగేశ్వరి

నాగేశ్వరికి కుళ్లు ఎక్కువ. గల్లీల ఎవర్నడిగినా ఈ మాట చెప్తరు, ఆమెనే అడిగితే ఆమె గూడ కాదనదు. పక్కింటామె కొత్త మిక్సీ తెచ్చిన దినం ఈమె పనిగట్టుకొని పచ్చడి రోట్ల నూరుతది. నూరుకుంట "రోటి పచ్చడి రుచి మిక్సీకి యాడొస్తది" అని గోడ అవతలికి వినబడేటట్టు అంటది. తోటికోడలు ఫోన్ స్టేటస్‌ల కొత్త చీర పెడితే, ఆ చీరకు ఒక వంక దొరికిందాక ఈమెకు అన్నం సయించదు. అట్లని కుట్రలు చేసే మనిషి కాదు పాపం. లోపల పుట్టింది మొఖం మీదికొస్తది, మొఖం మీదికొచ్చింది నోట్లెకెళ్లి బయట పడ్తది, ఆడికి ఖతం. మనుషుల మీద కుళ్లుకునుడు లోకంల అందరు చేసే పనే. నాగేశ్వరి మాత్రం ఒక డాల్ఫిన్ మీద కుళ్లుకుంది. అది గూడ సచ్చిపోయిన డాల్ఫిన్.

ఆమెది నల్లగొండ దిక్కు, మునుగోడు అవతల ఒక ఊరు. చిన్నప్పుడంత పత్తి చేన్లల్లనే గడిచింది. పత్తి ఏరేది, మందు కొట్టేటోళ్లకు నీళ్లు మోసేది, మందు వాసన పోని చేతులతోనే సద్ది తినేది. తప్పని చెప్పేటోళ్లు లేకుండె. సైదుల్ని చేసుకొని ఎల్‌బీ నగర్ ఒచ్చింది. సర్కిల్ ఎనక గల్లీల రెండర్రల కిరాయి ఇల్లు, మొగడు, అత్త అండాలమ్మ. కొన్నాళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక మ్యాచింగ్ సెంటర్‌ల పనికి కుదిరింది. చీర తెచ్చినోళ్లకు దానికి సరిపోయే జాకెట్ గుడ్డ తీసిచ్చే పని. అల్కటి పని అనుకునేరు. ఒక్క ఆకుపచ్చనే గోడ నిండ ఉంటది. నాగేశ్వరి కొంగు చూసి, నిచ్చెనెక్కి, నేరుగ కావాల్సిన గుడ్డ తాను మీదనే చెయ్యి పెడ్తది. పెట్టినంక గూడ నమ్మదు. చీరను, గుడ్డను కలిపి దుకాణం గడప కాడికి తీసుకపోయి ఎండల చూపెడ్తది.

"ట్యూబ్‌లైట్ కింద అన్ని రంగులు చుట్టాలే అమ్మా," అంటది, "ఎండలకొస్తె తెలుస్తది ఎవరిదేందో."

సైదులు డ్రైవర్. ఇంతకుముందు క్యాబ్ నడిపిండు, రెండేండ్ల నుంచి ఒక ల్యాబుకు బొలెరో నడుపుతున్నడు. ఆ ల్యాబు పని ఇంటె గల్లీల ఎవరూ నమ్మలే. సముద్రం ఒడ్డుకు సచ్చి కొట్టుకొచ్చిన డాల్ఫిన్లను, తిమింగలాలను కోసి, వాటి ఒంట్ల ఏమేం మందులు చేరినయో చూసుడట. అటవీ శాఖోళ్లు ఫోన్ చేస్తె చాలు, ఐస్ డబ్బాలు బండిల ఎక్కించుకొని బందరు దిక్కు పోవుడే. ఒచ్చినంక ఆయన బట్టలకు ఒక వాసన ఉంటది, ఎన్ని నీళ్లల్ల పిండినా పోదు.

వాసనకు నాగేశ్వరి ఓర్చుకుంది. ఓర్చుకోనిది మృదుల మేడంను. ఆ పరీక్షలు చేసే ఆమె బందరామెనే, పెద్ద చదువు, సన్నగ ఉంటది, ఎవర్నైనా గారు అని పిలుస్తది. బండిల ఎనక కూసుంటె ఆమెకు కడుపుల తిప్పుతదట. అందుకని ముందు సీటు ఆమెది. పోయేటప్పుడు, ఒచ్చేటప్పుడు, తోవ పొడుగునా సైదులు పక్కన ఆమెనే. నాగేశ్వరి పెండ్లయిన కాడ్నుంచి మొగని బండిల ముందు కూసొని ఎరుగదు. యాదగిరిగుట్ట పోయినా అత్తమ్మ ముందు, తను ఎనక, ఒళ్లె సంచులు. ఆ ముందు సీటు యాదికొస్తె చాలు, ఆమెకు కడుపుల మండుతది.

ఒకనాడు ఆ మేడం దుకాణానికే ఒచ్చింది. చుట్టాల పెండ్లికి నెమలికంఠం రంగు చీర, దానికి జాకెట్ గుడ్డ కావాలె. "మీరేనా నాగేశ్వరి గారు? సైదులు గారు మీ గురించి చెప్పారండీ, రంగు మీరు చూస్తే తిరుగుండదట," అన్నది నవ్వుకుంట.

చెప్పిండట. ఈమెతోని చెప్పిండట. ఇంట్ల ఒక్కనాడు అనని మాట. నాగేశ్వరికి లోపల భగ్గుమన్నది. నిచ్చెనెక్కింది, సరైన తాను మీద చెయ్యి పెట్టింది, పెట్టిన చెయ్యి తీసి పక్క తాను గుంజింది. ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి. గడప కాడికి తీసుకపోలే. కోసి, మడిచి, కవర్ల పెట్టిచ్చింది. ఆ దినం మెట్రోల ఇంటికి పోయినంతసేపు కిటికీ అద్దంల తన మొఖం తనకే ముద్దొచ్చింది.

ఆ వారమే సైదులు బందరు పోయిండు. తిరిగొచ్చి అన్నం ముట్టలే. గడప మీద కూసున్నడు. నాగేశ్వరి చెంబుతో నీళ్లు తెచ్చి చూస్తె కండ్లు ఎర్రగున్నయి.

"ఏమైంది?"

"తల్లి, పిల్ల రెండూ పోయినయే," అన్నడు. "పిల్ల ముందు సచ్చిందట. తల్లి దాన్ని మూతి మీద పెట్టుకొని నీళ్లమీదికి ఎత్తుకుంట తిరిగిందట. కిందికి జారితె మల్ల మునిగి ఎత్తుకునుడు. తిండి లేదు, ఏం లేదు. వారం దినాలు చూసినమంటున్రు జాలర్లు. ఆఖరికి అది గూడ ఒడ్డుకొచ్చి పడ్డది."

చెప్పుకుంట మోచేత్తో కండ్లు తుడుచుకున్నడు.

నాగేశ్వరి చేతుల చెంబు అట్లనే ఉన్నది. జాలి ఒస్తదనుకున్నది, రాలే. ఒచ్చింది కుళ్లు. మామూలు కుళ్లు గాదు, అరికాళ్ల కెళ్లి లేసింది.

"వారం ఎత్తుకుందా?"

"ఊ."

"ఎవ్వరాపలేదా?"

"సముద్రంల ఎవరాపుతరే?"

దానికి అత్తమ్మ లేదు, అందుకే ఎత్తుకున్నది, అనుకున్నది నాగేశ్వరి. చెంబు ఆడ్నే దబ్బున పెట్టి లోపలికి పోయింది.

ఆమె కుళ్లుకు ఒక కారణం ఉన్నది. ఆరేండ్ల కింద నాగేశ్వరికి తొలిచూలు. బిడ్డ పుట్టకముందే బట్టలు కుట్టొద్దంటరు పెద్దోళ్లు. ఈమెకు మనసాగలే. దుకాణంల మిగిలిన ముక్కలన్ని జమ చేసి, ఎవ్వరికి తెల్వకుండ చిన్న బొంత కుట్టింది. చిలకపచ్చ, పసుపు, గులాబీ ముక్కలు, చుట్టూ మిరపపండు రంగు అంచు. ఒక మూల కాడ మిరపపండు గుడ్డ చాలక వంగపండు రంగు ముక్క అతికింది. ఏడో నెలల్నే నొప్పులొచ్చినయి, దవాఖానకు పోయేటప్పుడు బొంత గూడ సంచిల పెట్టుకుంది. ఆడపిల్ల. పుట్టంగనే అద్దాల పెట్టెల పెట్టిన్రు. దూరం నుంచి ఒక్క పాదం చూసింది నాగేశ్వరి, గంతే. రెండు దినాలకు పోయింది. తల్లికి చూపెట్టొద్దు, చూస్తె మనసుల బొమ్మ నిలుస్తది, మల్ల కడుపు పండదు అన్నది అండాలమ్మ. సైదులు ఎత్తుకపోయిండు. ఆమె ఇట్ల చేతులు చాపేవరకు దవాఖాన తలుపు మూసుకుంది.

బిడ్డ పోయింది గని పాలు ఆగలే. చీర తడుస్తుంటె అండాలమ్మ పాలు ఎండాలని రొమ్ముకు మల్లెపూలు కట్టింది. అప్పట్నుంచి నాగేశ్వరి మల్లెలు పెట్టలే, ఎవరన్న పెట్టుకొని పక్కన కూసుంటె లేసి పోతది. బొంత ఏదంటె పారేసినమన్నది అత్త. ముందుగాల కుట్టినందుకే ఇట్లయిందని గూడ అన్నది. బిడ్డను యాడ పెట్టినవని మొగన్ని ఒక్కపారి అడిగింది. "మూసీ దిక్కు" అని లేసి పోయిండు. కంట్ల చుక్క లేదు. వారం గాకముందే స్టీరింగ్ పట్టిండు. ఆ తర్వాత కడుపు పండలే, అది వేరే సంగతి. నాగేశ్వరి ఈ ఆరేండ్లు ఎదురుచూసింది ఒక్కదానికే. ఆ మనిషి తన బిడ్డ కోసం ఒక్కపారన్న ఏడ్వాలె, తను చూడాలె. ఆ ఏడుపు ఇప్పుడు ఒక డాల్ఫిన్ కొట్టుకపోయింది.

నాలుగు దినాలకు మృదుల మేడం మల్ల దుకాణానికొచ్చింది, చేతుల అదే కవరు. తిడ్తదేమోనని నాగేశ్వరి నడుము బిగించుకొని నిలబడ్డది. ఆమె తిట్టలే.

"ఎండలో చూస్తే కొంచెం తేడా కనిపించిందండీ. మారుస్తారా?"

ఇంతసేపు చేసుకున్న తయారంత వేస్టాయె. నాగేశ్వరి గమ్మున నిచ్చెనెక్కి సరైన తాను దించింది. గుడ్డ కోసుకుంట ఉండబట్టలేక అడిగింది, "ఆ చేప ఎందుకు సచ్చిపోయింది మేడం?"

"చేప కాదండీ. మనలాగే బిడ్డని కని పాలిచ్చే ప్రాణి," అని మేడం స్టూల్ మీద కూసున్నది. "పొలాల్లో కొట్టిన పాత పురుగుమందులూ, ఫ్యాక్టరీల నీళ్లూ, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలూ, అన్నీ వానలకి ఏట్లోకి, ఏట్లోంచి సముద్రంలోకి పోతాయి కదా. వాటిలో కొన్ని ఎన్నేళ్లు గడిచినా నశించవు. ఒంట్లో చేరితే కొవ్వులో దాక్కుంటాయి. చిన్న చేపలో కొంచెం, దాన్ని తిన్న పెద్ద చేపలో ఇంకొంచెం, అవన్నీ తినే డాల్ఫిన్‌లో కుప్ప."

"తిన్నంక సస్తయా?"

"వెంటనే కాదు. లోపల్నించి గుల్ల చేస్తాయి. రోగాన్ని తట్టుకునే బలం పోతుంది, చిన్న జబ్బు కూడా ప్రాణం మీదికొస్తుంది. కడుపు సరిగ్గా నిలవదు. మగదానికైతే ఆ విషం దించుకునే దారే లేదు, చచ్చేదాకా మొయ్యాల్సిందే. ఆడదానికి ఒక దారుంది."

"ఏంది?"

"పాలు. డాల్ఫిన్ పాలల్లో కొవ్వెక్కువ. తల్లి ఏళ్ల తరబడి ఒంట్లో పెట్టుకున్నదాంట్లో చాలా భాగం మొదటి పిల్లకే పోతుంది. తర్వాత పుట్టినవాటికి కాస్త నయం. మొదటిది చాలాసార్లు బతకదు."

నాగేశ్వరి చేతుల కత్తెర ఆగింది. మందు డబ్బకు నీళ్లు మోసిన చేతులవి. "మనుషులకు గూడ గంతేనా మేడం?"

ఆమె మొఖంల రంగు మారుడు మేడం చూసింది. "కొంచెం దిగుతుందండీ, కానీ ఆ లెక్క వేరు. తల్లిపాలు మానొద్దనే డాక్టర్లు చెప్తారు. మీరేం మనసులో పెట్టుకోకండి."

పెట్టుకోకుండ ఎట్లుంటది? కానీ నాగేశ్వరి పెట్టుకున్నది మేడం అనుకున్న భయం గాదు. తన బిడ్డ తన పాలు ఒక్క చుక్క తాగలే. పోనీ విషమే, విషమైతేంది, ఆ డాల్ఫిన్ పిల్ల తాగింది గద! తల్లి పక్కన ఈదుకుంట, కడుపు నిండ తాగి పోయింది. ఇగో, మల్ల అదే కుళ్లు. తన మీద తనకే అసహ్యమేసింది, అయినా పోలే.

"మీ ఆయన చాలా మంచి మనిషండీ," అని మేడం ఫోన్ తీసింది. "పాతిపెట్టే ముందు అక్కడి ఆడవాళ్లు గంగమ్మ బిడ్డలని తల్లికీ పిల్లకీ పసుపు కుంకుమ పెట్టారు. పిల్లకి కప్పడానికి బట్టేమైనా ఉందా అంటే, ఈయన బండి దగ్గరికి పరుగెత్తుకెళ్లి తెచ్చారు. చూడండి."

నాగేశ్వరి అలవాటు కొద్ది ఫోన్ పట్టుకొని గడప కాడికి పోయింది. ఎండకు తెర నల్లగయింది. మల్ల లోపలికొచ్చి చూసింది. ఇసుక మీద బూడిద రంగు పిల్ల, చిన్నది, మూతి నవ్వుతున్నట్టే ఉంది. దాని మీద గుడ్డ. చిలకపచ్చ, పసుపు, గులాబీ. మిరపపండు అంచు. ఒక మూలకు వంగపండు ముక్క.

ఆ ముక్క సంగతి ఈ లోకంల ఆమెకు తప్ప ఇంకెవ్వరికి తెల్వదు.

ఫోన్ చేతికిచ్చి, గుడ్డ కవర్ల పెట్టి, మేడంను పంపిచ్చింది. ఒక్క మాట అనలే. ఇంటికి పోయి గూడ అనలే. నాగేశ్వరి నోట్లెకెళ్లి మాట రాకుంటె అది ఎంత పెద్ద సంగతో ఇంట్లోళ్లకు తెలుసు. అండాలమ్మ రెండుసార్లు నుదురు ముట్టి చూసింది, జ్వరమేమోనని.

ఐతారం పొద్దున సైదులు గల్లీల బొలెరో కడుగుతున్నడు. నాగేశ్వరి పోయి ముందల నిలబడ్డది.

"బొంత యాడిది?"

సైదులు చేతుల మగ్గు అట్లనే ఆగింది. గడప మీద కూసొని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అండాలమ్మ తల ఎత్తింది.

"నిన్నే అడుగుతున్న. పారేసినమంటిరి గద. నా బిడ్డ బొంత చేపకు కప్పుతవా?"

"పారేయమన్నది అమ్మ," అన్నడు సైదులు మెల్లగ. "పాపకు కప్పనియ్యలే, ముందుగాల కుట్టింది అచ్చిరాదని. దవాఖాన గుడ్డల్నే పెట్టొచ్చిన. బొంత పారేయనీకె చెయ్యి రాలే. సీటు కింద పెట్టిన. బండి మారినప్పుడల్ల తీసి ఆ బండి సీటు కింద పెట్టుకున్న."

"ఆరేండ్లా?"

"ఆరేండ్లు."

"నాకెందుకియ్యలే?"

"ఇస్తె నువ్వు ఏడుస్తవని."

"ఏడిస్తె ఏమాయె?"

సైదులు మగ్గు బకెట్ల పడేసిండు. "నువ్వేడిస్తె నేను గూడ ఏడ్వాలె గద," అన్నడు.

అండాలమ్మ చిక్కుడుకాయల గిన్నె తీసుకొని లోపలికి పోయింది. ఆమె మొఖం ఎట్లున్నదో నాగేశ్వరి చూడలే, చూడాలని గూడ అనుకోలే. ఎనక తలుపు తీసుకొని బండెక్కి ఐస్ డబ్బాల నడుమ కూసున్నది.

"యాడ పెట్టినవో చూపెట్టు. ఇప్పుడే."

నాగోల్ బ్రిడ్జి మీద బండి ఒక పక్కకు ఆపిండు సైదులు. కింద మూసీ, నల్లటి నీళ్లు, మీద తెల్లటి నురగ. వాసనకు నాగేశ్వరి కొంగు ముక్కుకు పెట్టుకున్నది. ఆయన ఒడ్డు దిక్కు చెయ్యి చూపెట్టిండు.

"అగో, ఆడ. తుమ్మ చెట్టు కింద."

"చెట్టేది?"

"లేదు. కరోనా ఏడాది పెద్ద వానలు పడలేదా? ఒడ్డంత కోసుకపోయింది. మరునాడే ఉరికొచ్చి చూసిన. చెట్టు లేదు, మట్టి లేదు. అందుకే నీకు చెప్పలే నాగేశ్వరి. ఏం చూపెట్టాలె నీకు?"

ఆమె రెయిలింగ్ పట్టుకున్నది.

"ఇది యాడికి పోతదో ఎరికేనా?" అన్నడు సైదులు నీళ్లు చూసుకుంట. "మన వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. కృష్ణ పోయి బందరు అవతల సముద్రంల పడ్తది. మొదటిపారి పోయిన దినం మేడంను అడిగిన, హైదరాబాద్ మూసీ నీళ్లు గూడ ఈ సముద్రంల ఉంటయా అని. ఉంటయన్నది. మందులు గూడ అట్లనే ఒస్తయన్నది. మందులొస్తె పాప రాదా? అప్పట్నుంచి పోయినప్పుడల్ల బొంత తీసుకపోయి జర సేపు ఒడ్డు మీద కూసుంట. ఈపారి ఆ పిల్లను చూసిన. తల్లి ఎత్తుకొని తిరిగిందని చెప్పిన్రు. నువ్వు యాదికొచ్చినవ్. చేతులు చాపినవ్ గద నువ్వు, ఆ దినం. నేను చూసిన. చూసి గూడ తలుపు దాటి పోయిన."

ఇగ ఆగలే. రెయిలింగ్ మీద తల పెట్టి ఏడ్చిండు. పక్కకెల్లి బస్సులు పోతున్నయి, ఎవరో హారన్ కొట్టిన్రు, ఆయనకు సోయి లేదు. మగదానికి దించుకునే దారి లేదన్న మేడం మాట నాగేశ్వరికి చెవుల మోగింది. ఆరేండ్ల నుంచి చూడాలనుకున్నది ఇదే. ఆమె గూడ ఏడ్చింది, కొంగు అడ్డం పెట్టుకోకుండ, గట్టిగ. ఏడ్చుకుంటనే ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది.

"రెండేండ్ల నుంచి పోతున్నవ్," అన్నది. "నా బిడ్డ కాడికి నువ్వొక్కనివే పోతున్నవ్. నాకు చెప్పకుండ."

మేడం మీద, డాల్ఫిన్ మీద పడ్డ కుళ్లంత ఇప్పుడు మొగని మీదికి మళ్లింది. తల్లి తను. ఒడ్డు మీద కూసున్నది ఆయన. దీనికంటె అన్యాయం ఇంకోటి ఉంటదా?

"మల్ల నన్ను తోలుకపోవాలె," అన్నది.

"ఫోనొచ్చినప్పుడు పోదాం."

"ఫోనొచ్చుడంటె ఇంకోటి సచ్చినట్టే గద. వద్దు. ఫోన్ రాకముందే పోదాం. ఇంకో బొంత కుడ్త, అది తీసుకొని పోదాం."

సైదులు కండ్లు తుడుచుకొని తల ఊపిండు. "బండి ల్యాబోళ్లది. మేడంను అడగాలె. అడిగితె ఆమె గూడ ఒస్తనంటది, ఆమె ఊరే గద."

"రానియ్యి. ఎనక కూసుంటది."

"ఎనక కూసుంటె ఆమెకు కడుపుల తిప్పుతదే."

నాగేశ్వరి బండి చుట్టు తిరిగొచ్చి ముందు తలుపు తీసింది. ఎక్కి కూసొని, చీర కుచ్చిళ్లు లోపలికి గుంజుకొని తలుపేసుకున్నది.

"నిమ్మకాయ ఇస్త, వాసన చూసుకుంట కూసోమను," అన్నది. "ఇన్నేండ్లు నేను కూసోలేదా ఎనక?"